గడియారం లేని సబ్‌స్టేషన్

పత్తికొండ నుంచి పడమటికి పోతే, గుండ్లకొట్టాల ఊరు రాకముందే ఎడమచేతి పక్క ఒక కరెంటు సబ్‌స్టేషన్ కనిపిస్తుంది. నాలుగు ఇనుప స్తంభాలు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, చుట్టూ కంచె, లోపల కంకర పరిచిన ఆవరణ, మధ్యలో ఒక చిన్న గది. పగలు చూస్తే అంత పాపం పుణ్యం ఎరగని చోటు ఇంకోటి ఉండదనిపిస్తుంది. కంచె పక్కనే మేకలు మేస్తుంటాయి.

రాత్రయితే మాత్రం ఆ చుట్టుపక్కల వాళ్లెవరూ అక్కడ బండి ఆపరు. ఆపితే... అడుగుతుందట.

ఏమడుగుతుందంటారా? టైమడుగుతుంది.

కిటికీ బయటి నుంచి, మెల్లగా, పొద్దంతా పని చేసి అలసిపోయిన మనిషి అడిగినట్టు — "టైమెంతయిందప్పా?" — అంతే. బదులు మాత్రం చెప్పకూడదు. చెప్పినవాడు తెల్లారేసరికి బతకడని కొందరు, బతికినా మతి ఉండదని కొందరు. అట్లా చెప్పి పోయినవాణ్ణి కళ్లారా చూసినవాళ్లు ఎవరప్పా అంటే, అందరూ పక్క ఊరి పేరు చెబుతారు.

ఆ గదిలో గడియారం లేదు. గంటగంటకూ మీటర్లు చూసి పుస్తకంలో ఎక్కించాల్సిన చోట గోడ గడియారం లేకపోవడమేమిటని మీరనొచ్చు. ఉండేది. మీసాలు మెలేసే మగవాళ్లే దాన్ని పీకి అటక మీద పడేశారు. టైము కళ్లకు కనబడితే ఎక్కడ పొరపాటున నోరు జారుతుందోనని!

దీని వెనక ఒక చావు ఉంది. విన్నది విన్నట్టు చెబుతాను.

లైన్‌మన్ పోలెక్కాలంటే ముందు సబ్‌స్టేషన్లో ఆపరేటరు దగ్గర ‘ఎల్.సి.’ తీసుకోవాలి. నీ లైనులో కరెంటు తీసేశాను, నువ్వు దిగేదాకా మళ్లీ ఇవ్వను అని ఆపరేటరు ఇచ్చే మాట అది. పని అయ్యాక ఎవడు తీసుకున్నాడో వాడే, తన నోటితోనే, ‘దిగినా’ అని ఆ ఎల్.సి. తిరిగి ఇవ్వాలి. అతని తరఫున అన్న చెప్పినా, ఆఫీసరు చెప్పినా చెల్లదు. రూలయితే అదే. కానీ తొందర వచ్చినప్పుడు రూలు ఎవరికి గుర్తుంటుంది?

ఆరేళ్ల కిందట ఒక రాత్రి తిమ్మన్న అనే లైన్‌మన్ ఎల్.సి. తీసుకుని ఊళ్లకు కరెంటు మోసే రెండో ఫీడరు లైను మీద పోలెక్కాడు. అతని చేతులింకా తీగ మీద ఉండగానే లైనులో కరెంటు వచ్చింది. తెల్లారేదాకా బెల్టుకు వేలాడుతూనే ఉన్నాడు. దింపినవాళ్లకు రెండు రోజులు అన్నం సయించలేదట.

ఆ రాత్రి కరెంటు ఇచ్చిన ఆపరేటరు పేరు దావీదురాజు. "గోపీనాథ్ సారొచ్చి తిమ్మన్న దిగినాడన్యాడు, అందుకే ఇచ్చినా" అని అతను మొదటి రోజు నుంచి మొత్తుకున్నాడు. గోపీనాథ్ అంటే ఆ లైన్లన్నిటి మీదా ఇన్‌స్పెక్టరు. "తొందర చెయ్యమని తిమ్మన్నకు ఫోను చేసిన మాట నిజమే. దిగుతాండా అన్యాడు. అంతే. నేను ఆ గదిలో కాలే పెట్టలేదు" అన్నాడాయన. ఇన్‌స్పెక్టరు మాటనూ ఆపరేటరు మాటనూ తూకమేస్తే ముల్లు ఎటు మొగ్గుతుందో మీకు చెప్పక్కర్లేదు. దావీదురాజు ఉద్యోగం పోయింది. ఊళ్లో ‘మనిషిని కాల్చినోడు’ అన్న పేరొచ్చింది. చర్చిలో ముందు బెంచీలో కూర్చునే మనిషి వెనక గోడ దగ్గరికి జరిగాడు. మూడేళ్లు అదే మాట చెప్పాడు, తర్వాత చెప్పడం మానేశాడు. పోయిన ఏడాది కన్నుమూశాడు.

చనిపోయే ముందు రోజు సాయంత్రం కూతుర్ని దగ్గరికి పిలిచి, "పాపా, నువ్వన్నా నమ్ముతావా?" అని అడిగాడు.

కూతురు ప్రసన్నకుమారి దుప్పటి సర్ది, "పడుకో నాయనా" అంది.

ఎందుకంటే ఆమె నమ్మలేదు. నాయన మంచివాడే. కానీ ఆ రాత్రి కునుకు తీసి, నిద్రమత్తులో హ్యాండిలు తిప్పి, ఆ భారం మోయలేక ఇంకొకరి మీద పెట్టుకున్నాడనే ఆమె లోలోపల అనుకునేది. ఆ అనుకోవడం ఆమెకు గొంతులో ముల్లయింది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు.

ప్రసన్న ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ చదివింది. చదివింది తీగల చదువు, దొరికింది కాగితాల పని — పత్తికొండ ఆఫీసులో బిల్లుల కట్టలు సర్దడం. ఆడపిల్ల చేతికి స్క్రూడ్రైవరు ఇస్తే ఆకాశం విరిగి మీద పడుతుందని ఆ ఆఫీసులో అందరికీ గట్టి నమ్మకం.

ఈ ఎండాకాలం సరిహద్దులో యుద్ధం మొదలైంది. సీమలో సబ్‌స్టేషన్ ఆపరేటర్లు చాలామంది మిలటరీలో చేసి వచ్చినవాళ్లే. వాళ్లకు మళ్లీ పిలుపు వచ్చింది. గుండ్లకొట్టాల ఆపరేటరు శ్రీనివాసులు కూడా పెట్టె సర్దుకుని గుంతకల్లులో రైలెక్కాడు. మరి ఖాళీ అయిన కుర్చీల్లో ఎవర్ని కూర్చోబెట్టాలి? అప్పుడు గుర్తొచ్చారు ఆడపిల్లలు. జిల్లా మొత్తం గాలిస్తే తీగల చదువు చదివినవాళ్లు ఎనిమిదిమంది తేలారు. కర్నూలులో మూడు వారాలు పని నేర్పారు. కరెంటును తెంచి కలిపే బ్రేకరు ఎట్లా తెరవాలి, ఎట్లా మూయాలి, ఏ మాట వచ్చినా టైముతో సహా పుస్తకంలో ఎట్లా రాయాలి — అన్నీ.

ఆఖరి రోజు ఒక పెద్దసారు లేచి, "యుద్ధమయ్యేదాకానే తల్లీ. ఆ తర్వాత మా కుర్చీలు మాకిచ్చేయాల" అని తనే నవ్వాడు. ఎనిమిదిమందిలో ఒక్కతీ నవ్వలేదు. ఒకరు తప్పు చేస్తే ఎనిమిదిమందినీ ఇంటికి పంపుతారని వాళ్లకు తెలుసు.

గుండ్లకొట్టాలకు ఎవరు పోతారని అడిగితే ఏడుగురు తలలు వంచుకున్నారు. ప్రసన్న చెయ్యెత్తింది.

"నీకేమన్నా మతి పోయిందామే?" అని ఇంట్లో తల్లి జీవమ్మ నెత్తి కొట్టుకుంది. "మీ నాయన్ను మింగిన చోటు అది. నిన్ను గూడా మింగల్లనా?"

"ఆ కుర్చీలో కూర్చోని చూడాల మా. అంతే" అంది ప్రసన్న. అంతకంటే ఎక్కువ ఆమెకు కూడా తెలియదు.

మొదటి రోజే ఒక గోడ గడియారం కొనుక్కొచ్చి మేకు కొట్టి తగిలించింది. లైన్‌మన్ జయకుమార్ గుమ్మంలో నిలబడి కళ్లప్పగించి చూశాడు. నలభై ఏళ్ల మనిషి. పోలు మీద ఉంటే పులి, కింద ఉంటే పిల్లి.

"గడియారం పెడతాండావా పాపా?"

"పెట్టకుంటే రీడింగులు ఎట్లా రాసేదన్నా?"

"మేము సెల్లులో చూస్కుంటాంటిమి..." అని గొంతు తగ్గించాడు. "చూసినా నోటితో అనం. బయట నుంచి ఎవరన్నా అడిగితే మాత్రం గమ్మునుండు. పలకొద్దు. పైలం."

రెండు రాత్రులు ఏమీ లేదు. మూడో రాత్రి...

రెండు గంటల రీడింగు రాసి పెన్ను కింద పెట్టింది. ట్రాన్స్‌ఫార్మర్ల మోత తప్ప ఏ చప్పుడూ లేదు. అప్పుడు, కిటికీ చువ్వలకు ఆనుకున్నంత దగ్గరలో —

"టైమెంతయింది పాపా?"

పెన్ను దొర్లి నేల మీద పడింది. మగవాళ్లు ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుంది ముందు. ఆడపిల్ల కుర్చీ ఎక్కిందని కడుపుమంట ఉన్నవాళ్లు తక్కువేం లేరు. టార్చి తీసి కిటికీలోంచి వేసింది. కంకర... కంచె... అవతల కొర్ర చేను. మనిషి లేడు.

అప్పుడు తట్టింది ఆమెకు. ఆ కంకర మీద పిల్లి నడిచినా కరకరమంటుంది. ఎవరో కిటికీ దాకా వచ్చారు, మళ్లీ పోయారు. ఒక్క రాయి కూడా చప్పుడు చేయలేదు.

ఆ రాత్రి ఆమె బదులు చెప్పలేదు. చెప్పకూడదని కాదు, నోరు పెగల్లేదు. కాళ్లు పైకి ముడుచుకుని కుర్చీలోనే తెల్లారేదాకా కూర్చుంది. అయినా ఐదు గంటల రీడింగు మాత్రం రాసింది. అక్షరాలు వంకర పోయాయి గానీ, రాసింది.

తర్వాత మూడు నాలుగుసార్లు వచ్చింది ఆ గొంతు. వచ్చిన ప్రతిసారీ అదే ప్రశ్న. భయం ఉండేది. కానీ ఆ గొంతులో కోపం లేదన్న సంగతి ఆమెకు మెల్లగా పట్టుబడింది. ఎవరో నిజంగానే... తెలుసుకోవాలని అడుగుతున్నట్టుండేది.

ఇంతలో యుద్ధం ముదిరింది. విమానాలు ఎక్కడిదాకా వస్తాయో తెలియదు, ఊళ్లలో దీపాలార్పే అలవాటు చేయాలని పైనుంచి ఆర్డరొచ్చింది. ఒక రాత్రి ఎనిమిది గంటల నుంచి పదిన్నర దాకా మండలమంతా చీకటి. పదిన్నరకు ఐదు నిమిషాల్లో అన్ని ఫీడర్లకూ కరెంటు ఇచ్చి కర్నూలుకు ఫోను చేసి చెప్పాలి. ఎక్కడ ఆలస్యమైతే అక్కడి ఆపరేటరే జవాబుదారీ.

సరిగ్గా ఆ సాయంత్రమే గాలివాన కొట్టింది. రెండో ఫీడరు మీద తీగ తెగింది.

"ఎట్లాగూ లైను చచ్చే ఉంటాది గదా, ఈలోపే బిగించేస్తా" అని తొమ్మిదికి జయకుమార్ వచ్చాడు. ఎల్.సి. పుస్తకంలో సంతకం పెట్టి, బెల్టు భుజాన వేసుకుని, పోతూ పోతూ అన్నాడు. "పదిన్నరకు ఇచ్చెయ్ పాపా. ఆలోపు దిగుంటా."

ఇది లైన్‌మన్లకు ఉన్న పాడు అలవాటు. మళ్లీ వచ్చి చెప్పే ఓపిక లేక, టైము చెప్పి ఎక్కేస్తారు. తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాదు.

"కుదరదన్నా" అంది ప్రసన్న. "నువ్వు నీ నోటితో చెప్పేదాకా ఇయ్యను."

"సరే తల్లీ, చెబుతాలే" అని నవ్వుకుంటూ పోయాడు. రెండో ఫీడరు పోలు అక్కడికి మైలున్నర దూరం. టార్చి వేయడానికి లేదు, ఆర్డరు అట్లాంటిది. ఆ చీకట్లో తడుముకుంటూ చేయాల్సిన పని.

చీకటంటే అట్లాంటి చీకటి ప్రసన్న ఎప్పుడూ చూడలేదు. గుండ్లకొట్టాల లేదు, పత్తికొండ లేదు, లోకమే లేదు. ఆ గదిలో మాత్రం, కిటికీకి గోనెపట్ట కట్టి, బల్ల కింద చిన్న బ్యాటరీ దీపం. ట్రాన్స్‌ఫార్మర్ల మోత కూడా ఆగిపోయింది. గడియారం టిక్కుటిక్కుమంటోంది.

పదీ పాతికకు గేటు చప్పుడైంది. కంకర కరకరలాడింది. ఎవరో మనిషే అని ఊపిరి పీల్చుకుంది ప్రసన్న.

ఇన్‌స్పెక్టరు గోపీనాథ్. వాన తడికి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఆమెతో ఎప్పుడూ కళ్లు కలిపి మాట్లాడడు. ఆ రాత్రి కూడా గోడ వైపే చూస్తూ అడిగాడు. "అన్నీ తయారేనా?"

"రెండో ఫీడరు తప్ప సార్. జయన్న ఎల్.సి.లో ఉండాడు."

పదిన్నరయింది. మొదటి ఫీడరు, మూడోది, నాలుగోది — ఒక్కొక్క హ్యాండిలే తిప్పింది. బ్రేకర్లు ఢాం ఢాం అని పడ్డాయి. ట్రాన్స్‌ఫార్మర్లు మళ్లీ మోత అందుకున్నాయి. గుండ్లకొట్టాలకూ ఆ గదికీ కరెంటిచ్చే రెండోది మాత్రం అట్లాగే ఉండిపోయింది.

ఆఫీసు ఫోను మోగింది. కర్నూలు.

"గుండ్లకొట్టాల! మూడే చూపిస్తాండాయి. రెండోదేమైంది?"

"లైన్‌మన్ ఇంకా దిగలేదు సార్."

"యుద్ధం జరుగుతాంటే నువ్వు లైన్‌మన్ కథలు చెబుతాండావా? జిల్లాలో అన్నీ అయిపోయినాయి. మీదొక్కటే! ఐదు నిమిషాలు" అని టక్కున పెట్టేశారు.

ప్రసన్న తన సెల్లులో జయకుమార్‌కు చేసింది. అందుబాటులో లేదని వచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ అదే.

గోపీనాథ్ తన ఫోను చెవికి పెట్టుకుని ఆవరణలోకి పోయాడు. కంకర మీద ఆయన అడుగులు ఆ చివర నుంచి ఈ చివరకు వినిపించాయి. రెండు నిమిషాలకు లోపలికి వచ్చాడు.

"దిగినాడు. ఇచ్చెయ్."

"మీతో మాట్లాడినాడా సార్?"

"ఆఁ, మాట్లాడినాడు."

"నాకూ ఒక మాట చెప్పమనండి సార్. ఎల్.సి. నా దగ్గర తీసుకున్యాడు."

"సిగ్నలు పాయె మళ్లా. ఏం, నా మాట మీద నమ్మకం ల్యాదా?" గోపీనాథ్ గొంతు లేచింది. "చూడు పాపా. రేపొద్దున ఏమంటారో తెలుసా? ఆడోళ్లకిస్తే ఇట్లయింది అంటారు. నువ్వొక్కదానివే కాదు, ఎనిమిదిమందీ ఇంటికి పోతారు. ఇచ్చెయ్. నేనుండా గదా."

ఫోను మళ్లీ మోగడం మొదలుపెట్టింది.

ప్రసన్న లేచి రెండో ఫీడరు హ్యాండిలు ముందుకు వచ్చింది. ఇన్‌స్పెక్టరు చెబుతున్నాడు. పెద్దమనిషి. ముప్పై ఏళ్ల సర్వీసు. అబద్ధమెందుకు చెబుతాడు? తన వెనక ఏడుగురు ఆడపిల్లలు, ఎక్కడెక్కడో తనలాంటి గదుల్లో, ఇప్పుడే ‘అంతా అయింది సార్’ అని చెప్పి ఉంటారు. చెయ్యి పైకి లేచింది. వేళ్లు హ్యాండిలు చుట్టూ బిగుసుకున్నాయి. చల్లగా ఉంది ఇనుము.

నాయన కూడా ఇక్కడే నిలబడ్డాడు. ఇదే హ్యాండిలు. ఆ రాత్రి నాయన పక్కన ఎవరున్నారు?

ఫోను మోగుతూనే ఉంది.

అప్పుడు...

గోనెపట్ట అవతల నుంచి...

"టైమెంతయింది పాపా?"

కంకర చప్పుడు కాలేదు. గోపీనాథ్ కొయ్యబారిపోయాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "పలకొద్దు" అని గుసగుసలాడాడు. "పలకొద్దు పాపా, నీకు దండం పెడతా... పలకొద్దు..."

ఆ దండమే ఆమెను ఆపింది. దెయ్యానికి భయపడే మనిషి పారిపోతాడు. ఈయన పారిపోవడం లేదు. ఆ గొంతు ఇంకేమంటుందోనని వణుకుతున్నాడు.

ప్రసన్న గడియారం వైపు చూసింది. కిటికీ వైపు తిరిగి పలికింది.

"పదీ నలభై ఒకటన్నా."

ఆరేళ్లలో ఆ కిటికీకి బదులిచ్చిన మొదటి మనిషి ఆమె.

ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. తర్వాత బయట ఒక పెద్ద నిట్టూర్పు. ఆ తర్వాత అదే గొంతు. కానీ ఈసారి మాట ఆమెతో కాదు.

"నాకింకా కాలేదు గోపన్నా... జంపరొకటి ఉండాది. ఇయ్యొద్దని చెప్పు దావీదుకు... ఇయ్యొద్దను గోపన్నా..."

ప్రసన్న చెయ్యి హ్యాండిలు మీద నుంచి జారిపోయింది.

గోపీనాథ్ గోడకు ఆనుకుని అట్లాగే నేల మీదికి దిగిపోయాడు. చెవులు రెండూ అరచేతుల్తో మూసుకున్నాడు. అయినా వినిపిస్తూనే ఉన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఇదే మాట... ఇదే మాటన్యాడు ఆ రాత్రి" అన్నాడు. ఎవరూ అడక్కుండానే. "ఆ కంకర మీదే నిలబడి ఫోను చేసినా. ఇంకా కాలేదు గోపన్నా, జంపరొకటి ఉండాది, ఇయ్యొద్దని దావీదుకు చెప్పు అన్యాడు. పెద్ద ఆఫీసరు ఊళ్లో బస చేసినాడు, ఒకటే ఫోన్లు... జంపరొక్కటే గదా, చిన్న తీగ ముక్క బిగించేదే, రెండు నిమిషాల్లో దిగుతాడులే అనుకున్యా. లోపలికొచ్చి దిగినాడు ఇచ్చెయ్ అన్యా. మీ నాయన రెండు తూర్లు అడిగినాడు పాపా. నిజంగా దిగినాడా సార్ అని. రెండు తూర్లు. దిగినాడన్యా."

కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

"టైమెంతయింది గోపన్నా అని గూడా అడిగినాడు తిమ్మన్న. నేను చెప్పలేదు. చెప్పకుండానే ఫోను పెట్టేసినా."

బల్ల కింద దీపం చిన్నగా వెలుగుతోంది. ప్రసన్నకు ఆయన్ను కొట్టాలనిపించింది. గొంతు పట్టుకుని నాయన సమాధి దాకా ఈడ్చుకుపోవాలనిపించింది. హ్యాండిలుకు దూరంగా రెండడుగులు జరిగింది.

"జయన్న దిగినాడా?" అని అడిగింది.

"తెలీదు. ఫోను కలవల్యా" అన్నాడు గోపీనాథ్.

ఆమె కుర్చీలో కూర్చుంది. రోజువారీ పుస్తకం ముందుకు లాక్కుంది. సబ్‌స్టేషన్‌కు ఏ మాట వచ్చినా, ఎవరి దగ్గర నుంచి వచ్చినా, టైము వేసి రాయాలి. అదీ ఆ పని పద్ధతి. రాసింది:

‘22.41. లైన్‌మన్ తిమ్మన్న, కిటికీ దగ్గర: నాకింకా పని కాలేదు, జంపరొకటి ఉంది, రెండో ఫీడరు చార్జి చేయొద్దని దావీదుకు చెప్పు గోపన్నా. విన్నవారు: ప్రసన్నకుమారి, ఆపరేటరు. గోపీనాథ్, ఇన్‌స్పెక్టరు.’

దాని కిందే ఆయన చెప్పింది కూడా, ఒక్క ముక్క వదలకుండా రాసింది. నాయన రెండుసార్లు అడిగాడన్న మాట దగ్గర పెన్ను కాగితాన్ని చించింది.

పుస్తకాన్ని నేల మీద ఆయన ముందు పెట్టింది. "సంతకం పెట్టండి సార్."

గోపీనాథ్ ఆమె మొహం చూశాడు, ఆమె ఆ కుర్చీ ఎక్కాక మొదటిసారి. తర్వాత కిటికీ వైపు చూశాడు. గోనెపట్ట గాలి లేకుండానే కొద్దిగా లోపలికి ఉబ్బి ఉంది... ఎవరో ఆనుకున్నట్టు.

పెట్టాడు.

ఫోను మళ్లీ మోగింది. "రెండో ఫీడరు చార్జి కాలేదు సార్. ఇయ్యను కూడా ఇయ్యను. నా పేరు రాసుకోండి. ప్రసన్నకుమారి. మా నాయన పేరు దావీదురాజు" అని చెప్పి పెట్టేసింది. ఏమన్నారో వినలేదు.

గంట గడిచింది. గోపీనాథ్ మూలన మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె కళ్లు గేటు మీదే ఉన్నాయి. దిగి ఉంటే ఈపాటికి రావాలి. రాలేదంటే... ఏ పోలు మీద, ఎట్లా ఉన్నాడో!

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా కంకర కరకరలాడింది. కాళ్లీడ్చుకుంటూ జయకుమార్ వచ్చాడు. మోచేతుల దాకా గీరుకుపోయి ఉన్నాయి. కుండలో నీళ్లు రెండు చెంబులు తాగాడు.

"బెల్టు బిగుసుకపాయె పాపా పైన. సెల్లు చూస్తే కింద పడి పగిలిపాయె. ఇప్పుడే దిగినా." అని పుస్తకం తీసుకుని ఎల్.సి. తిరిగి ఇచ్చినట్టు సంతకం పెట్టాడు. "దిగినా. ఇంగ ఇచ్చెయ్."

అప్పుడు తిప్పింది ప్రసన్న రెండో ఫీడరు హ్యాండిలు. దూరంగా గుండ్లకొట్టాలలో దీపాలు వెలిగాయి.

మూలన కూర్చున్న ఇన్‌స్పెక్టర్ని జయకుమార్ వింతగా చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంటూ, "పెద్దాయన ఇంకా రాలేదా?" అన్నాడు.

"ఏ పెద్దాయన అన్నా?"

"నువ్వు పంపిస్తివి గదా పోలు కాడికి."

"నేనెవర్నీ పంపలేదు."

జయకుమార్ తువ్వాలు ఆగిపోయింది.

"పదిన్నర దాటింది, ఇంగ వస్తాది కరెంటు, నా పని అయిపాయె అనుకుంటాండా పైన. భయానికి చేతులు ఆడల్యా. బెల్టు గుంజేకొద్దీ బిగుసుకుంటాండాది. అప్పుడు ఎవరో వచ్చి పోలు కింద నిలబడినాడు. చీకట్లో మొగం కనపల్యా, భుజాన మన బెల్టు మాదిరే ఉన్నట్టుండె. నిదానంగా, మన ఇంట్లో మనిషి చెప్పినట్టు చెప్పినాడు..."

"ఏమని?"

"నిదానంగా చేస్కో నాయనా, ఈ పొద్దు కరెంటు రాదు. కుర్చీలో దావీదు బిడ్డ కూర్చోనుండాది. మా దావీదు మంచోడు — అని."

ప్రసన్న హ్యాండిలు పక్కనే నేల మీద కూలబడింది. నాయన్ను మట్టిలో పెట్టిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.